అద్దె యిల్లు – అప్పు వాయిదా

చింతలపూడి ప్రాంతమున నాలుగు రూపాయలు చేతజిక్కిన కుటుంబములవారికి మొదట తట్టునది భూమి, అటుపిమ్మట యిల్లు. పామాయిలు గెలల సొమ్మో, పొగాకు వేలము సొమ్మో రాగానే ఊరిలోనో ఏలూరులోనో యొక యిల్లు కొని అద్దెకిచ్చిన నెలనెలా రాబడి యుండునని తలపోయుదురు. తలంపు మంచిదే. అయితే ఈ మాట యింటిలో పుట్టినప్పుడు మొదట కదలునవి మన మెడలోని గొలుసులు. అందుచేత ఈ లెక్కను సోదరీమణులు తామే వేసి చూచుకొనవలయునని మేము కోరుచున్నాము.

ఒక యిల్లు 25 లక్షల రూపాయలనుకొందము. ఇది లెక్కకొఱకు మేము వేసికొన్న వెల గాని యే వీధి వెలయు గాదు. 30 లక్షలలోపు గృహఋణమునకు యింటి విలువలో నూటికి 90 వంతుల వఱకు ఇయ్యవచ్చునని రిజర్వు బ్యాంకు నియమము. ఇయ్యవచ్చుననుట వేఱు, ఇచ్చుట వేఱు. మనకు 20 లక్షలు దొరకినదనుకొందము. మిగిలిన 5 లక్షలు మనవి. ఇంతటితో తీరలేదు. మన రాష్ట్రమున స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి నూటికి 7½ చొప్పున 1,87,500 రూపాయలగును. పది లక్షలకు మించిన యింటి విషయమున బ్యాంకు వీనిని విలువలో కలుపదు. కనుక 6,87,500 రూపాయలు రొక్కముగా నుండవలయును. ఈ సుంకముల మాట జ్ఞాపకము వచ్చునప్పటికి బయానా ఇచ్చియుందురు. గొలుసులు తాకట్టుకు పోవును. దానికి మఱియొక వడ్డి.

నూటికి 9 వడ్డీతో 20 ఏండ్లకు ఈ ఋణమునకు నెలవాయిదా 17,995 రూపాయలు. మొదటి వాయిదాలో 15,000 వడ్డికే పోవును. అసలునకు చేరునది 2,995. అద్దె నెలకు 9,000 వచ్చునని యాశపడుదము. ఏడాదికొక నెల యిల్లు ఖాళీగా నుండుననుకొనుట క్షేమము. సున్నము, కుళాయి, మోటారు, పన్ను – వీనికి 15,000 తీసివేయుడు. మిగులునది 84,000, అనగా నెలకు 7,000. వాయిదాకు దాదాపు 11,000 తక్కువ! ఈ పదునొకండు వేలు నెలనెలా ఎచటినుండి వచ్చును? పిల్లల చదువునుండియా, వంటింటినుండియా? ఇంటి వెల పెరుగును గదా యందురు. పెరుగవచ్చును. అమ్మిన నాడుగాని ఆ పెరుగుదల చేతికి రాదు. వాయిదా యీ నెలలోనే కట్టవలయును. 7,000 అద్దె తానుగా మోయగల ఋణము 7,78,000 రూపాయలు మాత్రమే.

మన ప్రాంతమున మఱియొక చిక్కు గలదు. పొగాకు సొమ్ము వేలముల కాలమునను, కొల్లేటి ప్రక్క చెఱువుల సొమ్ము చేపలు పట్టిన నాడును వచ్చును. పామాయిలు తోట కొంత మేలు, అయినను దిగుబడి అన్ని నెలల సమానము గాదు. బ్యాంకు వాయిదా మాత్రము ప్రతినెల అదే తేదీకి. పంటసొమ్ము వచ్చినపుడు కొంత అసలునకు జమకట్టుట మంచిది. మాఱు వడ్డీ గృహఋణమును ముందుగా తీర్చినందుకు అపరాధ రుసుము తీసికొనరాదని 2012లో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. మాఱు వడ్డి యనగా పెరుగవచ్చునని కూడ అర్థము. నూటికి 10 అయినచో ఇదే వాయిదా 19,300 అగును.

బ్యాంకువారు భార్యను కూడ ఉమ్మడి ఋణగ్రహీతగా సంతకము చేయుమందురు. ఆ సంతకముతో ఋణమంతటికిని ఆమె బాధ్యురాలగును, సగమునకు గాదు. అట్లయినపుడు దస్తావేజులోను ఆమె పేరుండుట న్యాయము. అడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు. బయానాకు ముందే సబురిజిస్ట్రారు కచ్చేరీనుండి ఈసీ తెప్పించి, ఆస్తిపై పాత తనఖా యున్నదేమో చూడవలయును.

మేమెఱిగిన యొక యిల్లాలు, ఆఱు నెలల వాయిదాలు తన పేర బ్యాంకులో వేసిన పిమ్మటనే సంతకము చేయుదుననెను. పై లెక్క ప్రకారము అట్టిది 1,07,970 రూపాయలు. ఇంటిలో నాలుగు దినములు మాటలు లేవు. తుదకు వేసిరి. రెండవయేట అద్దెవారు బదిలీపై పోగా యిల్లు మూడు నెలలు ఖాళీగా నుండెను. వాయిదాలు ఆ సొమ్ములోనుండి పోయినవి. నాలుగవ నెల క్రొత్తవారు దిగిరి. వారు 500 తగ్గించి యిచ్చెదమనిరి, ఆమె ఒప్పుకొనెను.