పక్క దుప్పట్లు: పీచును బట్టి ఎంపిక, సంరక్షణ

గ్రామీణ కుటుంబాలలో పక్క దుప్పట్లను సాధారణంగా పంట డబ్బు చేతికి వచ్చినప్పుడో, ఇంట్లో శుభకార్యం తలపెట్టినప్పుడో కొంటారు. రోజుకు ఏడెనిమిది గంటలు ఒంటికి ఆనుకొని ఉండే వస్త్రమైనప్పటికీ, చీర కొనేటప్పుడు చూపే శ్రద్ధలో సగమైనా దుప్పటి విషయంలో కనిపించదు. వారపు సంతలలోను, వీధుల వెంట తిరిగి వాయిదాలపై అమ్మేవారి వద్దను 'ప్యూర్ కాటన్' పేరుతో పాలిస్టర్ కలిసిన దుప్పట్లు, కొన్ని సందర్భాలలో పూర్తిగా పాలిస్టర్‌తో తయారైనవి అమ్ముడవుతుంటాయి. నూలు ధర చెల్లించి పాలిస్టర్ తెచ్చుకోవడం ఒక నష్టం. వేసవి ఉక్కలో పసిపిల్లలు, మంచం పట్టిన వృద్ధులు దానిపైనే పడుకోవలసి రావడం అంతకంటే పెద్ద నష్టం.

ఈ తేడాకు మూలం పీచు తేమను గ్రహించే శక్తిలో ఉంది. ప్రామాణిక వాతావరణంలో 100 గ్రాముల పొడి ప్రత్తి పీచు సుమారు 8.5 గ్రాముల తేమను పీల్చుకొంటుంది. పాలిస్టర్ పీల్చుకొనేది సుమారు 0.4 గ్రాములు మాత్రమే. చెమటను తనలోకి తీసుకోలేని వస్త్రంపై పడుకొన్నప్పుడు ఒళ్ళు జిగటగా ఉండి, చెమటకాయలు పెరిగే అవకాశం ఉంటుంది. అయితే ఇదే గుణం వానాకాలంలో పాలిస్టర్‌కు అనుకూలిస్తుంది. త్వరగా ఆరుతుంది, ముడతలు పడదు, చాలాకాలం మన్నుతుంది. అందువలన తరచుగా ఉతకవలసిన వసతి గృహాలకు పాలిస్టర్, నూలు కలిపిన దుప్పట్లు తగినవే. వాటిని నూలు దుప్పట్లని చెప్పి అమ్మడమే అభ్యంతరకరం.

విస్కోస్ రేయాన్ నూలుకంటే ఎక్కువ తేమను పీలుస్తుంది, మెత్తగా జారుతుంది. కాని తడిసినప్పుడు దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. ప్రత్తి పీచు ఇందుకు భిన్నంగా తడిసినప్పుడు మరింత బలపడుతుంది. చాకిరేవు బండపై శతాబ్దాలుగా నూలు బట్టలు తట్టుకొని నిలిచినది ఈ గుణం వల్లనే. విస్కోస్ దుప్పటిని బండకేసి బాదినా, గట్టిగా మెలిపెట్టి పిండినా త్వరలోనే చిరుగుతుంది. ఇటీవల 'వెదురు దుప్పట్లు' అని ప్రచారం పొందుతున్నవాటిలో అధికభాగం వెదురు గుజ్జు నుండి తీసిన విస్కోసే కావున వాటికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. నార, పట్టు దుప్పట్లు సామాన్య కుటుంబాల కొనుగోలులో అరుదు.

కొనే ముందు పరీక్షలు

నీటిచుక్క పరీక్షను చాలాచోట్ల ప్రదర్శిస్తుంటారు. చుక్క వెంటనే ఇంకితే నూలు, నిలిస్తే పాలిస్టర్ అని చెబుతారు. ఇది నమ్మదగినది కాదు. గంజి, మైనపు పూతలు ఉన్న కొత్త నూలు బట్టపై కూడా చుక్క నిలుస్తుంది. తేమను ఆకర్షించే పూత పూసిన పాలిస్టర్‌పై వెంటనే పరుచుకొంటుంది. దహన పరీక్ష ఇంతకంటే మేలు. దుప్పటి అంచు నుండి పడుగు పోగులను, పేక పోగులను విడివిడిగా తీసుకొని, పట్టకారుతో పట్టి, నీటి పళ్ళెంపై మంటకు చూపాలి. పడుగు పాలిస్టర్, పేక నూలు అయిన వస్త్రాలూ ఉంటాయి కనుక రెంటినీ వేరుగా పరీక్షించడం తప్పనిసరి. నూలు వెంటనే అంటుకొని, కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ మంట నుండి ముడుచుకొని, కరిగి, నల్లని గట్టి పూసగా మారుతుంది. రెండూ కలిసిన నూలు మండుతూనే గట్టి పూసలను మిగులుస్తుంది. విస్కోస్ మాత్రం నూలువలెనే కాలుతుంది; ఆ రెంటినీ ఈ పరీక్ష వేరుచేయలేదు.

ఇదే పరీక్ష మరొక విషయాన్నీ తెలుపుతుంది. కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకొని లోతైన గాయం చేస్తుంది. అలాగని నూలు సురక్షితమని భావించరాదు. అది త్వరగా అంటుకొని మంటను వ్యాపింపజేస్తుంది. ఏ దుప్పటి అయినా దోమల చక్రాన్ని మంచానికి దూరంగా ఉంచవలసిందే.

దుకాణాలలో థ్రెడ్ కౌంట్ గురించి గొప్పగా చెబుతారు. ఇది చదరపు అంగుళంలోని పడుగు, పేక పోగుల మొత్తం సంఖ్య. ఒకే పోగులో పేనిన రెండు, మూడు పాయలను విడివిడిగా లెక్కించి 800, 1000 అని ముద్రించడం పరిపాటి అయింది. ఒంటి పోగు నూలుతో నేసిన 200 నుండి 400 మధ్య సంఖ్య గల సాదా నేత దుప్పటి మన వాతావరణానికి సరిపోతుంది. శాటిన్ నేత నునుపుగా మెరిసినా, పోగులు పైకి తేలి ఉండటం వలన గోళ్ళకు, కాలిపట్టీలకు తగులుకొని లేస్తుంది. చేనేత దుప్పట్లలో ముతక నూలు వాడినప్పుడు ఈ సంఖ్య తక్కువగానే ఉంటుంది; దానిని నాసిరకమనుకోవడం పొరపాటు. బట్టను రెండు చేతుల మధ్య రుద్దినప్పుడు తెల్లని పొడి రాలితే మాత్రం పలుచని నేతను గంజితో దట్టంగా చూపినట్లే.

చేనేతకు రక్షణగా వచ్చిన 1985 నాటి చట్టం క్రింద ప్రస్తుతం 11 రకాల వస్త్రాలు నిర్దిష్ట లక్షణాలతో చేమగ్గాలకు కేటాయించబడ్డాయి. అందులో పక్క దుప్పటి ఒకటి. అయినప్పటికీ పోచంపల్లి చిటికి నమూనాలను మిల్లు బట్టపై అచ్చువేసి అమ్ముతున్నారు. పోగులకు ముందే రంగు అద్ది నేస్తారు కనుక అసలు చిటికి దుప్పటి రెండువైపులా ఒకే విధంగా ఉంటుంది, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్లు కనిపిస్తాయి. అచ్చు బట్ట వెనుకభాగం వెలవెలబోతుంది. తిప్పి చూడటానికి ఒక్క నిమిషం చాలు. నేతగాని కూలి నిలిచేది ఆ నిమిషంలోనే.

సంరక్షణ

నూలు దుప్పటి తొలి ఉతుకులలో కుంచించుకుపోతుంది. 5 శాతం కుంచించుకొన్నా 100 అంగుళాల దుప్పటి 95 అంగుళాలకు వస్తుంది కనుక పరుపు మందాన్ని కూడా లెక్కవేసి కొనాలి. తడి తెల్లబట్టను రంగు దుప్పటిపై రుద్ది, రంగు అంటితే కొన్ని ఉతుకుల వరకు విడిగా, చన్నీటిలో ఉతకాలి. ఉప్పునీటిలో నానబెడితే రంగు శాశ్వతంగా నిలుస్తుందనే నమ్మకం విస్తృతంగా ఉంది. ఉప్పు అద్దకం సమయంలో ఉపకరిస్తుందేకాని, తయారైన బట్టలో సరిగా పట్టని రంగును పట్టించలేదు.

వారానికొకసారి ఉతకడం మంచిది. ధూళి పురుగుల వలన ఉబ్బసం, తుమ్ములు ఉన్నవారి తెల్లని లేదా గట్టిరంగు నూలు దుప్పట్లను 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉతకాలి; గోరువెచ్చని నీటికి ఆ పురుగులు చావవు. కఠిన జలం ఉన్న బోర్ల వద్ద సబ్బు తెట్టుగా పేరుకొని తెల్లబట్ట బూడిదరంగుకు మారుతుంది. అక్కడ డిటర్జెంటు వాడటం ఉత్తమం.

మరకల విషయంలో తొందరపాటే ఎక్కువ హాని చేస్తుంది. రక్తపు మరకపై వేడినీరు పోస్తే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి పీచును పట్టుకొంటాయి, చన్నీటిలోనే నానబెట్టాలి. పసుపు మరక సబ్బు క్షారం తగలగానే ఎర్రబడుతుంది. అది చూసి గృహిణులు మరింత సబ్బు రుద్దుతారు. ఉతికి ఎండలో ఆరవేస్తే, పసుపులోని కర్క్యుమిన్ కాంతికి క్షీణించి మరక క్రమంగా పోతుంది. తలనూనె మరకలు నూలుకంటే పాలిస్టర్‌లో మొండిగా నిలుస్తాయి. ఉతికే ముందే వాటిపై ద్రవ డిటర్జెంటు రాసి కొంతసేపు ఉంచాలి.

తెల్లవాటిని ఎండలో, రంగువాటిని తిరగవేసి నీడలో ఆరవేయాలి. పెట్టెలో దాచే దుప్పట్లకు గంజి పెట్టరాదు. పిండిపదార్థానికి వెండిపురుగులు, బొద్దింకలు చేరతాయి. కలరా ఉండలను బట్టకు తగలకుండా పలుచని గుడ్డలో మూటగట్టి ఉంచాలి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు దుప్పటి పసిపిల్లల బొంతకు పనికివస్తుంది. పాలిస్టర్ దుప్పటి ఎంత పాతబడినా చెమటను పీల్చదు కావున ఆ పనికి వాడరాదు.