పారుడు రోగం: మందలోకి వచ్చిన తర్వాత, రాకముందు

సంక్రాంతి సెలవులకు ఊరికి పోయివచ్చిన మన హాస్టల్ తమ్ముళ్ళను పలకరిస్తే ఇంటి కబుర్లలో జీవాల కబురు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఏ మేక ఈనింది, ఎన్ని పిల్లల్ని పెట్టింది, ఏ పోతును అమ్మి ఫీజు కట్టారు అని. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు వానను నమ్ముకున్న మెట్ట పొలాలే ఎక్కువ. పంట పోయిన ఏడు కూలి చేసుకునే ఇళ్ళు దొడ్లో ఉన్న ఆ నాలుగు జీవాల మీదే నెట్టుకొస్తాయి. అలాంటి దొడ్లోకి ఉన్నట్టుండి అంటురోగం దిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో నాకు తెలిసినంత వరకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా మా ఇంట్లో జరిగింది చెబుతాను. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాయన సంతలో పిల్లతో ఉన్న మేకను ఒకదాన్ని కొన్నాడు. తక్కువకు వచ్చిందని అందరం సంతోషించాం. ఆ సాయంత్రమే దాన్ని మా పదకొండింటితో కలిపి కట్టేశాం. దాని కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయని అమ్మ అంది. దారిలో దుమ్ము పడి ఉంటుందిలే అన్నాను నేను. వారం తిరగకముందే పిల్లలు మూడు మేత మానేసి, తలలు వాలేసి నిలబడ్డాయి. మర్నాటికి ముక్కుల నుంచి చీమిడి, ఆ తర్వాత నోటినిండా పుండ్లు, దుర్వాసన, చివరికి నీళ్ళలా పారుడు. మంచి పోతులు రెండు మాత్రం ఇంకా బాగానే మేస్తున్నాయి. "ఇవి కూడా చేతికి రాకుండా పోతాయిరా, తోలేసెయ్" అని పక్కింటి పెదనాయన అన్నాడు. నాయన మర్నాడే తోలాడు. నెల తిరిగేసరికి ఏడు చచ్చిపోయి నాలుగు మిగిలాయి. ఆ రెండు పోతులు ఏ ఊరికి పోయాయో మాకు తెలియదు. ఎం.ఎస్సీ. జువాలజీలో చేరాక ఈ జబ్బు గురించి చదువుతుంటే ముందుగా ఆ రెండే గుర్తుకొచ్చాయి.

మనవాళ్ళు పారుడు రోగం అనేదాన్ని పశువైద్యులు పి.పి.ఆర్. అంటారు. ఇది వైరస్ వల్ల వస్తుంది. చిన్నపిల్లలకు వచ్చే తట్టు, కుక్కలకు వచ్చే డిస్టెంపర్, పూర్వం ఎద్దుల్ని బర్రెల్ని ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టిన ముసర వ్యాధి, ఇవన్నీ దీని దగ్గరి చుట్టాలే. 1942లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దేశంలో దీన్ని మొదట గుర్తించారు. మన దేశంలో 1987లో తమిళనాడులోని విల్లుపురం ప్రాంతం, అరసూరు గ్రామంలో గొర్రెల్లో బయటపడింది. కొన్నేళ్ళపాటు దక్షిణాదికే పరిమితమనుకున్నారు గానీ 1994 నుంచి ఉత్తరాదిలోనూ కనిపించింది. ఇది మనుషులకు సోకదు. ఆ భయంతో జీవాల దగ్గరికి పోకుండా ఉండనక్కరలేదు.

వైరస్ ఒంట్లో చేరిన మూడు నుంచి ఆరు రోజులకు జ్వరం మొదలవుతుంది. మేకకు మామూలుగానే 102, 103 డిగ్రీల వేడి ఉంటుంది కనుక చెవి పట్టుకుని చూసి జ్వరమనో కాదనో అనుకోకూడదు, థర్మామీటరు పెట్టి చూడాలి. ఈ రోగంలో 104 నుంచి 106 దాకా పోతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పుండ్లు, పారుడు కనపడ్డాకే మనం రోగం వచ్చిందంటాం. కానీ జ్వరం వచ్చిన తొలిరోజుల నుంచే దాని కన్నీళ్ళలో, చీమిడిలో, దగ్గు తుంపర్లలో, తర్వాత పెంటికల్లో వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. చూడటానికి బాగున్న జీవం పక్కదానికి అంటించేస్తుంది. మా పోతులు అలాంటివే అయి ఉండాలి.

అన్ని చావులూ పారుడు రోగమే కాదు. తొలకరికి లేత గడ్డి మేసి, రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటే అది చాలావరకు చిటుక రోగం. మూతి వాచి, నాలుక నీలంగా మారి, కుంటుతూ ఉంటే నీలి నాలుక. అది దోమల్లాంటి సన్నటి ఈగల వల్ల వస్తుంది. వీటి టీకాలు వేరు, జాగ్రత్తలు వేరు. అందుకే మనమే పేరు పెట్టేసి మందుల షాపులో ఏదో ఒక సూది కొనేకంటే మొదటి జీవం మేత మానిన రోజునే పశువైద్యశాలకు గానీ, గ్రామ సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకుడికి గానీ చెప్పాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వాహనం వచ్చే సౌకర్యం కూడా మన రాష్ట్రంలో 2022లో మొదలైంది.

వాళ్ళు వచ్చేలోగా మనం చేయగలిగింది తక్కువేమీ కాదు. జబ్బుపడిన వాటిని వేరే చోట కట్టాలి. తొట్టి, మేత, నీళ్ళు వేరుగా ఉండాలి. బాగున్న వాటి పని ముందు చూసుకుని, జబ్బు వాటి దగ్గరికి చివర పోవాలి. మన ఇళ్ళలో స్థలమెక్కడిదని అడుగుతారు. మాకూ లేదు. ఇంటి వెనక చింతచెట్టు కింద కంచె వేసినా సరిపోయేది. ఆరోగ్యంగా ఉన్నవాటిని కూడా ఊరుమ్మడి బీడుకు, చెరువుకు తోలకుండా కొన్నాళ్ళు కోసుకొచ్చిన రొట్ట వేసి కట్టి మేపాలి. వైరస్‌ను చంపే మందు లేదు. డాక్టర్లు ఇచ్చే యాంటీబయాటిక్ సూదులు ఆపైన వచ్చే న్యుమోనియాను ఆపడానికి. పారుడుతో ఒంట్లో నీరు పోయే చస్తాయి కనుక ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు, పలచటి గంజి మాటిమాటికీ కొద్దికొద్దిగా తాగించాలి. తల మరీ ఎత్తిపట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జాగ్రత్త. నోటి పుండ్లను పలచటి పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి బోరిక్ గ్లిజరిన్ పూయవచ్చు. చచ్చినదాన్ని వంకలో పారేయకుండా లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి. ఊళ్ళో అమ్మవారికి మొక్కుకుంటారు. మొక్కుకోవడంలో తప్పులేదు. కానీ ఊరి జీవాలన్నింటినీ ఒకచోటికి తోలి మొక్కు తీర్చడం మాత్రం రోగానికి దారి చూపినట్టే అవుతుంది.

ఇక అమ్మడం సంగతి. బీదవాడిని "నీ మేక చచ్చినా సరే, అమ్మవద్దు" అనడం తేలిక. ఆ రోజు మా నాయనకు ఆ మాట ఎవరైనా చెప్పినా వినేవాడు కాదేమో. రెండు పోతుల డబ్బు ఆ ఏడాది మా ఇంటికి పెద్దదే. అయినా లెక్క వేసి చూడండి. మాకు తక్కువకు వచ్చిన మేకను అమ్మినవాడు కూడా మా నాయనలాంటి వాడే అయి ఉంటాడు. సంత నుంచి సంతకు రోగం ఇలాగే నడుస్తుంది. నల్లమల అంచున, వెలిగొండల కింద ఎండాకాలంలో మేతకు ఊళ్ళు తిరిగే మందలు ఎన్నో కలుస్తాయి. ఒక్క జీవం చాలు. కొత్తగా కొన్నదాన్ని మూడు వారాలు వేరుగా కట్టి చూడాలనే నియమం ఒక్కటి పాటిస్తే మా ఏడూ బతికేవి. ఇది మేకలకే కాదు. 1984లో చైనాలో, జర్మనీ నుంచి తెచ్చిన అంగోరా కుందేళ్ళలో మొదట కనిపించిన రక్తస్రావ వ్యాధి ఏడాదిలోపే కోట్ల కుందేళ్ళను చంపింది. మన పెరటి కోళ్ళలో కొక్కెర రోగం కూడా సంతలో కొన్న కోడితో వస్తుంటుంది.

రాకముందు చేయవలసింది టీకా. హిమాచల్ ప్రదేశ్‌లోని సుంగ్రిలో 1996లో ఒక మేక నుంచి సేకరించిన వైరస్‌ను బలహీనపరచి ముక్తేశ్వర్‌లోని శాస్త్రవేత్తలు టీకా తయారు చేశారు. చర్మం కింద ఒక మిల్లీలీటరు వేస్తే కనీసం మూడేళ్ళు కాపాడుతుంది. దాన్ని ఐసు పెట్టెలోనే తేవాలి, ద్రావణంలో కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి, ఎండలో పెడితే ఉత్త నీళ్ళే. జబ్బుపడ్డాక వేస్తే ప్రయోజనం లేదు. ముసర వ్యాధిని టీకాలతోనే 2011 నాటికి ప్రపంచం నుంచి తీసేయగలిగారు. పారుడు రోగాన్ని 2030కల్లా తీసేయాలని ప్రపంచ సంస్థలు 2015లో లక్ష్యం పెట్టుకున్నాయి.

టీకా వేసేవాళ్ళు ఊరికి వచ్చిన రోజు మంద అడవికి పోయి ఉంటే ఆ మంద మిగిలిపోతుంది. మరీ చిన్న పిల్లలకు తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాకు అడ్డుపడుతుంది, అందుకని మూడు నాలుగు నెలలు నిండాకే వేస్తారు. ఈ పిల్లలే ఎక్కువగా తప్పిపోతాయి, రోగానికి మొదట దొరికేదీ ఇవే. ఈసారి మా ఇంట్లో టీకాలు అయిపోయాక పుట్టినవి మూడున్నాయి. అవి పుట్టిన తేదీలను అమ్మ నాచేత గోడమీది క్యాలెండరులో రాయించింది. నాలుగో నెల నిండేటప్పటికి పశువైద్యశాలకు తీసుకుపోయే పని నాదే.