మూడు వారాల మంచు ఆలస్యం

అమెరికా ఈశాన్య కొసన ఉన్న న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల అడవుల్లో 2014 నుంచి 2016 వరకు పరిశోధకులు 179 మూస్ పిల్లల మెడకు రేడియో పట్టీలు కట్టి వాటి జాడ తీశారు. ఏడాది నిండకుండానే వాటిలో 125 చచ్చిపోయాయి. నూటికి డెబ్బై. ఒక్కో పిల్ల ఒంటి మీద సగటున 47 వేలకు పైగా పిడుదులు లెక్కకు వచ్చాయి. మన పల్లెల్లో గోమార్లు అని కూడా అంటారు, పశువుల చెవుల లోపల, తోక మొదట్లో కరుచుకుని నెత్తురు తాగే పురుగులు. ఆ కోవకే చెందిన ఒక పురుగు అక్కడ శీతాకాలమంతా మూస్‌ను పట్టి పీడిస్తుంది. మూస్ అంటే జింకల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది, భుజం దగ్గరే మనిషి ఎత్తు ఉండే జంతువు. అంతటి జంతువు పిల్లలు ఇంత చిన్న పురుగుకు ఈ లెక్కన ఎందుకు బలవుతున్నాయని అడిగితే, భూమి వేడెక్కుతోంది కాబట్టి అని వెంటనే జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. ఈ చావులకు మంచు ఆలస్యంగా పడటం ఒక కారణమైతే, ఒకే అడవిలో మూస్‌లు మరీ ఎక్కువైపోవడం రెండో కారణం. మొదటిదాన్ని ఏ ఒక్క రాష్ట్రమూ ఆపజాలదు. రెండోదాని మీద మాత్రం మనిషి చెయ్యి పడగలదు. అందుకే రెండో కారణాన్ని పక్కన పెట్టి వాతావరణాన్ని మాత్రమే తప్పుపట్టడం ఈ జంతువుకు మేలు చేయదని నా వాదన.

ముందు ఈ పిడుదు బతుకు తీరు చూడాలి. చాలా రకాల పిడుదులు ఎదిగే ఒక్కో దశలో ఒక్కో జంతువును పట్టుకుంటాయి. ఇది అలా కాదు. ఒక్కసారి ఎక్కిందంటే పిల్ల దశ నుంచి గుడ్లు పెట్టే దశ దాకా అదే జంతువు మీద గడిపేస్తుంది. వేసవిలో రాలిన ఆకుల కింద పెట్టిన గుడ్లు ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో పొదుగుతాయి. గసగసాల గింజంత పిల్ల పిడుదులు పొదల కొసలకు పాకి, వందలూ వేలుగా ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని గుత్తిగా వేలాడతాయి. వాటికి దూకడం రాదు, ఎగరడం రాదు. జంతువు వచ్చి ఆ కొమ్మను రాసుకుంటూ పోవాలి. అలా పోయిందంటే ఒక్కటి ఎక్కదు, గుత్తికి గుత్తే ఎక్కుతుంది. సెప్టెంబరు, అక్టోబరు మూస్‌లు జత కోసం అడవంతా తిరిగే రోజులు కూడా. గడ్డకట్టే చలి, నిలిచే మంచు వచ్చిన రోజున ఈ కాపు కాయడం ముగుస్తుంది. జంతువు దొరకని పిల్ల పిడుదు అక్కడే చస్తుంది.

ఎక్కినవి మూడుసార్లు నెత్తురు తాగుతాయి. మొదటి రెండుసార్లు తాగేది కొద్దే. అసలు దెబ్బ మార్చి, ఏప్రిల్‌లలో, ఆడ పిడుదులు గుడ్లకు సిద్ధమై ఉబ్బేటప్పుడు. సరిగ్గా ఆ నెలల్లోనే మూస్ ఒంట్లో సత్తువ అడుగంటి ఉంటుంది. ఆకులు లేవు, కొత్త గడ్డి రాలేదు, నెలల తరబడి ఎండు కొమ్మలు నమిలి కరిగిన ఒళ్లు. పెద్ద మూస్‌కు కొంత నిల్వ ఉంటుంది. మే నెలలో పుట్టి, ఏడాది కూడా నిండని పిల్లకు ఏముంటుంది? పోయిన నెత్తురును తిరిగి చేసుకోవడానికి కావలసిన మాంసకృత్తులు ఆ కొమ్మల్లో దొరకవు. తెల్లతోక జింకలు శరదృతువు నుంచే ఒళ్లు నాక్కుని, కొరుక్కుని చాలా పిడుదులను వదిలించుకుంటాయి. మూస్‌కు ఆ అలవాటు తక్కువ. దురద భరించలేనంత అయ్యాక, చలికాలం మధ్యలో మొదలుపెడుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. చెట్లకు రుద్దుకుని, పళ్లతో పీక్కుని నల్లటి పైవెంట్రుకలు తెంచేసుకుంటుంది. తెల్లటి మొదళ్లు మాత్రం మిగిలి ఒళ్లంతా పాలిపోయి కనిపించే ఇలాంటి జంతువులను అక్కడివాళ్లు దయ్యపు మూస్‌లు అంటారు. అవి పడుకుని లేచిన చోట మంచు మీద నెత్తుటి మరకలుంటాయి.

ఇప్పుడు వాతావరణం సంగతి. మంచు మూడు వారాలు ఆలస్యమైతే పిల్ల పిడుదులు కాపు కాసే రోజులు మూడు వారాలు పెరుగుతాయి, ఎక్కేవీ ఆ మేరకు పెరుగుతాయి. అటు వసంతంలోనూ ఇదే కథ. ఏప్రిల్‌లో కిందికి రాలిన ఆడ పిడుదు మంచు మీద పడితే చాలాసార్లు చస్తుంది. మంచు ముందే కరిగి నేల తేలితే ఆకుల కిందికి దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అంటే శీతాకాలం రెండు కొసలా కుంచించుకుపోయిన కొద్దీ పిడుదుకు రెండు వైపులా లాభం. అయితే వేడి పెరిగిన ప్రతి ఏడూ పిడుదుకే కలిసి వస్తుందనుకోకూడదు. వేసవి చివర్లో నేల బాగా ఎండితే గుడ్లు, అప్పుడే పొదిగిన పిల్లలు తడి లేక మాడిపోతాయి. 2016లో ఆ ప్రాంతంలో కరువు వచ్చింది. తరువాతి వసంతంలో మూస్ పిల్లల చావులు బాగా తగ్గాయి. వాతావరణం ఒకే దిశలో పనిచేసే శక్తి కాదు. ఏ నెలలో ఏం మారిందన్నదే ముఖ్యం. కరువు ఇచ్చిన ఆ ఊరట నిలవలేదు. 2021–22 శీతాకాలంలో మెయిన్ రాష్ట్రంలో పట్టీలు కట్టిన 70 పిల్లల్లో 60 పోయాయి.

చలి తగ్గితే అడవి జంతువుకు హాయే కదా అని ఒక ప్రశ్న వస్తుంది. లోతైన మంచులో నడక కష్టం, తిండి కష్టం, నిజమే. కానీ మూస్ ఆ చలికి తగ్గట్టే రూపొందిన జంతువు. పొడవాటి కాళ్లు, దళసరి బొచ్చు ఉన్నదానికి మంచు కలిగించే ఇబ్బందికన్నా, ఆ మంచు దాని శత్రువును చంపిపెట్టడం వల్ల కలిగే మేలే పెద్దది. ఇంకొక ప్రశ్న ఇంతకన్నా లోతైనది. పరాన్నజీవి తాను బతికే జంతువునే చంపుకుంటే తనకే నష్టం కాబట్టి కాలక్రమంలో అది మెత్తబడాలి కదా? చాలా పరాన్నజీవుల విషయంలో ఈ తర్కం కొంతవరకు చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. మూస్ పిల్ల కుప్పకూలేది ఏప్రిల్‌లో. అప్పటికే ఆడ పిడుదులు కడుపు నింపుకుని కిందికి రాలిపోయి ఉంటాయి, లేదా రాలబోతుంటాయి. ఆ పిల్ల చచ్చినా బతికినా వాటికి ఒకటే. వచ్చే శరదృతువులో ఎక్కడానికి తల్లి మూస్ ఉంటుంది. అదే అసలు చిక్కు.

అందుకే ఎన్ని మూస్‌లు ఉన్నాయన్న ప్రశ్న ఇక్కడ కీలకమవుతుంది. ఏప్రిల్‌లో పిడుదులు రాలిన చోటికే సెప్టెంబరులో మూస్ తిరిగి రావాలి. అడవి నిండా మూస్‌లుంటే అలా రావడం ఖాయం. పలచగా ఉంటే చాలా గుత్తులు ఎదురుచూసి ఎదురుచూసి మంచులో చస్తాయి. ఆ అడవుల్లో అవి అంతగా పెరగడానికి మనుషుల చేతలే కారణం. 1970, 80 దశకాల్లో స్ప్రూస్ చెట్లకు పురుగు పట్టి, చచ్చేవాటిని దక్కించుకోవాలని విస్తారంగా నరికేశారు. నరికిన చోట లేత చెట్లు లేచాయి, మూస్‌లకు కావలసినంత మేత దొరికింది. వాటిని తినే తోడేళ్లను అంతకు దాదాపు వందేళ్ల ముందే వేటాడి తుడిచిపెట్టేశారు. మన నల్లమలలో చుక్కల దుప్పి, కణితి పెరిగిన కొద్దీ వాటి మీద పులి, రేచుకుక్కల వేట కూడా ఉంటుంది. అక్కడ ఆ పని చేసే తోడేళ్లు లేవు, అందువల్ల ఆ పని పిడుదు చేతికి పోయింది. న్యూ హాంప్‌షైర్‌లో 1990ల చివరికి ఏడు వేలు దాటిన మూస్‌లు ఇప్పుడు సుమారు సగానికి పడిపోయాయి. సంఖ్యే కీలకమని పక్కనున్న వెర్మాంట్ అధికారులు కూడా తమ పరిశీలనలతో తేల్చారు. చదరపు మైలుకు ఒకటికన్నా ఎక్కువ మూస్‌లు ఉన్న చోట పిడుదులు ప్రాణాంతకమవుతాయి, అంతకన్నా బాగా పలచగా ఉన్న చోట పిడుదులు ఉన్నా మందకు ముప్పు రాదు. ఎండ, వాన, మంచు దాదాపు ఒకేలా ఉండే ఒకే రాష్ట్రంలో ఫలితం ఇంత తేడాగా ఉండటానికి వాతావరణం ఒక్కటే కారణమనడం కుదరదు.

ఇది ఒక్క మూస్ కథే కాదు. ఉత్తర ధ్రువానికి దగ్గరున్న స్వాల్‌బార్డ్ దీవుల్లో రెయిన్‌డీర్ అనే జింకలకు సహజ శత్రువులు లేనట్టే. అక్కడ కడుపులో ఉండే నులిపురుగులే మంద పెరుగుదలను నెమ్మదింపజేస్తున్నాయి. మందు వేసి పురుగులు పోగొట్టిన ఆడ జంతువులు ఎక్కువగా ఈనాయి, వేయనివి తక్కువగా ఈనాయి. పైకి ఒక్క శవం కనిపించకుండానే పుట్టవలసిన పిల్లలు పుట్టకుండా పోతాయన్నమాట. ఫిన్లాండ్‌లో దోమల ద్వారా వ్యాపించే ఒక పురుగు 1973లోనూ, మళ్లీ 2003లోనూ ఆ తరువాతా రెయిన్‌డీర్ మందలను దెబ్బతీసింది. వేసవి సగటు ఉష్ణోగ్రత 14 డిగ్రీలు దాటిన ఏళ్లకూ ఆ విజృంభణలకూ సంబంధం ఉందని పరిశోధకులు చూపించారు. అక్కడ వాతావరణం వాటా పెద్దది, నేను కాదనను. ఏ పురుగు సంగతి దానిదే, విడివిడిగా చూడవలసిందే.

మరి మూస్‌లకు మందు కొట్టకూడదా అంటారు. పశువుల కొట్టంలో కొట్టినట్టు వేల చదరపు మైళ్ల అడవిలో ఒక్కో అడవి జంతువును పట్టి మందు వేయడం జరిగే పని కాదు. పైగా ఆ మాంసాన్ని జనం తింటారు. పిడుదులను చంపే ఒక రకం నేల బూజును వాడి చూస్తున్నారు, అదింకా ప్రయోగం స్థాయిలోనే ఉంది. మిగిలింది మూస్‌ల సంఖ్యను కావాలని తగ్గించడం, అంటే వేట, అందులోనూ ఆడవాటి వేట. వినడానికే కష్టంగా ఉండే మాట ఇది. చచ్చిపోతున్న జంతువును కాపాడటానికి దాన్నే చంపమనడం ఏం న్యాయం అనే కోపంలో అర్థముంది. వేట లైసెన్సుల రుసుముల మీద ఆధారపడే వన్యప్రాణి శాఖలే ఈ సలహా ఇస్తున్నాయనే అనుమానాన్నీ తోసిపుచ్చలేం. పిడుదులే ఎలాగూ సంఖ్య తగ్గిస్తాయి కదా, తుపాకి ఎందుకనే వాదన కూడా ఉంది. తగ్గిస్తాయి, తగ్గిస్తున్నాయి. కానీ వారాల తరబడి నెత్తురోడి చచ్చే పిల్లల ద్వారా, నెత్తురు తక్కువై కవలలు కనడం మానేసిన తల్లుల ద్వారా తగ్గిస్తాయి. అలా తగ్గిన మందలో మిగిలినవి బక్కచిక్కి ఉంటాయి. ముందే పలచబడ్డ మందలో మిగిలినవి ఆరోగ్యంగా ఉండే అవకాశం ఉంది. చావు రెండు దారుల్లోనూ ఉంది. బాధ తక్కువగా ఉన్న దారి నాకు వేటగానే కనిపిస్తోంది.

అయితే ఈ మాటను నమ్మకం మీద ఒప్పుకోమనడం లేదు, లెక్కతో రుజువు కావాలి. మెయిన్ రాష్ట్రం ఈ వేటను 2021లో ఐదేళ్ల ప్రయోగంగా మొదలుపెట్టింది కాబట్టే దాన్ని నేను సమర్థిస్తాను. వేలాది మూస్‌లున్న ఆ రాష్ట్రంలో ఒక ప్రాంతాన్ని రెండుగా విడదీసి, ఒక సగంలో ఆడ మూస్‌ల వేటకు అదనంగా అనుమతులిచ్చారు, రెండో సగాన్ని పోలిక కోసం వదిలారు. వేట పెరిగిన సగంలో పిల్లల ఒంటి మీద పిడుదులు తగ్గాలి, బతికే పిల్లలు పెరగాలి, కవలలను ఈనే తల్లులు మళ్లీ కనిపించాలి. ఈ మూడూ జరగకపోతే అదనపు వేటను ఆపేయాలి, ఎంత రుసుము వచ్చినా సరే. జరిగితే న్యూ హాంప్‌షైర్ వంటి రాష్ట్రాలు కూడా తమ తమ అడవుల లెక్క చూసుకుని, మూస్‌లు దట్టంగా ఉన్న చోట మాత్రమే ఆ దారి పట్టవచ్చు.