చిన్ని గుండెలో వింత సవ్వడి

కుక్కపిల్ల గుండెలో మర్మరధ్వని వినిపించినంత మాత్రాన దాని ఆయువు తీరినట్లు కాదు. కాని ఆ ధ్వనిని పెడచెవిని పెట్టడమూ తగదు.

ఎనిమిది వారాల కుక్కపిల్ల పశువైద్యుని బల్లపై నిలబడి తోక ఆడిస్తున్నది. మొదటి టీకా వేయించడానికి దానిని ఒడిలో పెట్టుకొని తెచ్చిన పిల్లలు, దానికి ఏ పేరు పెట్టాలా అని ఇంకా తగవులాడుకొంటూనే ఉన్నారు. వైద్యుడు స్టెతస్కోపును దాని రొమ్ముకు ఆనించి వింటాడు. ఒక్క క్షణం ఆగి, కొద్దిగా జరిపి, మళ్లీ వింటాడు. తరువాత తలెత్తి, "దీని గుండెలో మర్మరధ్వని వినిపిస్తున్నది" అంటాడు.

గదిలోని సందడి అణగిపోతుంది. తెచ్చినచోటనే తిరిగి ఇచ్చివేద్దామా అని తండ్రి ఆలోచన. ఇది చచ్చిపోతుందా అని పిల్లల కళ్లలో ప్రశ్న.

పశువైద్యశాలలకు ఇటువంటి దృశ్యం కొత్త కాదు. ఆ రెండు ప్రశ్నలకూ తొందరపడి సమాధానం చెప్పరాదు. మర్మరధ్వని ఒక వ్యాధి కాదు. ఒక శబ్దం మాత్రమే. అది ఎందువలన పుట్టినదో తెలిసినప్పుడే కుక్కపిల్ల భవిష్యత్తు తెలుస్తుంది.

నీరు పారినట్లే

ఎండుటాకుల గలగలను సంస్కృతంలో మర్మరమంటారు. ఆరోగ్యవంతమైన గుండెలో సాధారణంగా రెండే శబ్దాలు వినిపిస్తాయి: 'లబ్', 'డబ్'. అవి కవాటాలు మూసుకొనేటప్పటి శబ్దాలు. వాటి నడుమ నిశ్శబ్దం. లోతైన కాలువలో నీరు సద్దు లేకుండా సాగిపోతుంది; అదే నీరు ఇరుకు తూములోనుంచి దూకితే గలగలమంటుంది. రక్తమూ అంతే. దాని ప్రవాహంలో అలజడి పుడితే, ఆ అలజడే మర్మరధ్వనిగా చెవికి చేరుతుంది.

1816లో పారిస్ నగర వైద్యుడు లెనెక్ స్టెతస్కోపును కనుగొన్నాడు. 1933లో బోస్టన్ వైద్యుడు శామ్యూల్ లెవీన్ మర్మరధ్వనులను తీవ్రతనుబట్టి ఆరు తరగతులుగా విభజించాడు. పశువైద్యులు నేటికీ అటువంటి కొలమానాన్నే వాడుతున్నారు. నిశ్శబ్దమైన గదిలో చెవి నిలిపి వింటేనే తెలిసేది మొదటి తరగతి. రొమ్ముపై చేయి ఆనిస్తే అదురు కూడా తెలిసేవి అయిదు, ఆరు తరగతులు.

తనంతట తానే పోయే ధ్వని

చాలా కుక్కపిల్లలలో ఈ ధ్వని నిరపాయకరమైనది. పెరిగే వయసులో చిన్ని గుండె ఇరుకైన నాళాలలోకి రక్తాన్ని వేగంగా నెడుతుంది. పైగా ఆ వయసులో రక్తం పెద్ద కుక్కల రక్తంకంటె పలుచన. ఈ కారణాలవలన మొదటి, రెండవ తరగతులకు చెందిన మెత్తని ధ్వని క్లుప్తంగా వినిపించవచ్చును. పిల్ల చురుకుగా ఆడుతూ, తింటూ, తోబుట్టువులతో సమానంగా ఎదుగుతుంటే, ఆ ధ్వని సాధారణంగా నాలుగైదు నెలల వయసుకు మాయమవుతుంది. దానికి మందు అక్కరలేదు.

కొన్నిసార్లు దోషం గుండెది కాదు, రక్తానిది. కొంకిపురుగులు తల్లిపాలద్వారా కూడా పిల్లకు సంక్రమించి పేగులలో రక్తం పీలుస్తాయి. గోమార్లు ఒంటిని పట్టి పీలుస్తాయి. చిగుళ్లు పాలిపోతాయి; పలుచబడిన రక్తం గుండెలో ధ్వని పుట్టిస్తుంది. రక్తహీనతకు చికిత్స జరిగితే ఆ ధ్వనీ పోతుంది.

మూసుకోని దారి

అన్ని ధ్వనులూ ఇంత అమాయకమైనవి కావు. తల్లి గర్భంలో ఉన్నప్పుడు పిల్లకు ఊపిరితిత్తులతో పని లేదు. అందువలన వాటికి వెళ్లే రక్తంలో అధికభాగం ఒక చిన్న నాళం గుండా పుపుసధమనినుంచి మహాధమనిలోకి మళ్లుతుంది. పుట్టిన కొద్ది రోజులలో ఆ దారి మూసుకుపోవాలి. కొన్ని పిల్లలలో అది మూసుకోదు. అప్పుడు రక్తం ఎదురుదారి పట్టి, మహాధమనినుంచి ఊపిరితిత్తులలోకి చేరుతుంది. గుండె ఎడమభాగం మోయలేని భారం మోయవలసివస్తుంది. ఇక్కడి ధ్వనికి మధ్యలో విరామం ఉండదు; యంత్రం తిరుగుతున్నట్లు ఎడతెగక వినిపిస్తుంది.

చికిత్స లేకపోతే ఇటువంటి కుక్కపిల్లలలో సగానికి పైగా ఏడాదిలోపే మరణిస్తాయి. సకాలంలో ఆ దారిని మూసివేస్తే అధికశాతం మామూలు ఆయుర్దాయంతో జీవిస్తాయి. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే శస్త్రవైద్యుడు ఏడేళ్ల బాలికకు ఇదే నాళాన్ని దారంతో బిగించి ప్రాణం నిలిపాడు. కుక్కపిల్లలకూ అదే పద్ధతి ఉపకరించింది. నేడు రొమ్ము కోయకుండానే, తొడలోని రక్తనాళంగుండా సన్నని లోహపు జాలిని పంపి దారిని మూసే విధానమూ ఉన్నది.

గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్, బాక్సర్ జాతులలో మహాధమని కవాటం కింద మార్గం ఇరుకుగా ఉండే లోపం కనిపిస్తుంది. ఆ ధ్వని మొదట మెత్తగా ఉండి, పిల్ల ఎదిగేకొద్దీ బిగ్గరగా మారవచ్చును. అందువలన మెత్తని ధ్వనిని కూడా ఒకసారి విని వదిలివేయరాదు.

ఇంట్లోవారి కర్తవ్యం

ధ్వని ఏ తరగతిదో, విరామం ఉన్నదో లేదో వైద్యుని అడిగి రాసి ఉంచుకోండి. మెత్తని ధ్వని అయితే, తరువాతి టీకాలకు వెళ్లిన ప్రతిసారీ మళ్లీ వినమని కోరండి. ధ్వని బిగ్గరగా ఉన్నా, ఎడతెగక వినిపించినా, ఆరు నెలలు నిండినా పోకపోయినా ఎకోకార్డియోగ్రఫీ పరీక్ష అవసరం. పిల్ల ఆటలో త్వరగా అలసిపోవడం, నిద్రలో ఆయాసపడడం, సొమ్మసిల్లడం, నాలుక నీలిరంగుకు తిరగడం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి.

పుట్టుకతో గుండెలోపమున్న కుక్కను సంతానానికి వినియోగించరాదు. పూడిల్ జాతిలో మూసుకోని నాళం వంశపారంపర్యమని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1971లో నిరూపించారు.

1944లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, నీలిరంగుకు తిరిగిన పసిబిడ్డకు ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ చేసిన శస్త్రచికిత్స చరిత్రకెక్కింది. దానికి ముందు వివియన్ థామస్ ప్రయోగశాలలో ఆ పద్ధతిని కుక్కలపైనే తీర్చిదిద్దాడు. మనుషుల బిడ్డలకోసం ఆ మూగజీవులు తమ గుండెలను అప్పగించాయి. వైద్యుని బల్లపై తోక ఆడిస్తున్న ఈ పిల్లకు మనం తీర్చవలసిన ఋణం పెద్దదేమీ కాదు. దాని గుండె చప్పుడును మరొక్కసారి శ్రద్ధగా విననిస్తే చాలు.