ఇల్లు చేతులు మారితే అద్దె పెరగాల్సిందేనా? భిలాయ్ అద్దెదారులకు చట్టం ఏం చెబుతోంది

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఉపాధి కోసం అక్కడికి వెళ్లి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కర్మాగారం క్వార్టర్ల వెలుపల సుపేలా, నెహ్రూనగర్ వంటి ప్రాంతాల్లో ఏళ్ల తరబడి అద్దెకుంటున్నవారికి, ఇల్లు అమ్ముడైనప్పుడు ఎదురయ్యే సమస్య ఒకటే. కొత్త యజమాని అద్దె పెంచుతానంటారు. కాదంటే ఖాళీ చేయమంటారు. చట్టప్రకారం ఇది అంత సులభం కాదు.

పాత ఒప్పందం ఏమవుతుంది?

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 109వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు పాత యజమాని స్థానంలోకి వస్తారు. హక్కులతో పాటు బాధ్యతలూ సంక్రమిస్తాయి. ఒప్పందంలో రాసుకున్న అద్దె, పెంపు శాతం గడువు ముగిసేవరకు కొనసాగుతాయి. యాజమాన్యం మారిందని తెలియక పాత యజమానికి అద్దె చెల్లించినవారు దాన్ని మళ్లీ చెల్లించనవసరం లేదు.

గడువు ముగిస్తే?

కొత్త అద్దె పరస్పర అంగీకారంతోనే ఖరారు కావాలి. అంగీకారం కుదరనప్పుడు ఖాళీ చేయించే మార్గానికీ పరిమితులున్నాయి. ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం, 2011 జిల్లా కేంద్రాలతో పాటు ప్రభుత్వం నోటిఫై చేసిన మునిసిపల్ ప్రాంతాలకు ఉద్దేశించినది. ఈ చట్టం కింద కారణం చెప్పకుండా ఖాళీ చేయించాలంటే 6 నెలల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత కనీసం 12 నెలలపాటు ఆ ఇంటిని అంతకన్నా ఎక్కువ అద్దెకు ఇవ్వరాదు. కేవలం అద్దె పెంచుకోవడానికే పాతవారిని పంపించే ప్రయత్నానికి ఈ షరతు అడ్డుకట్ట వేస్తుంది. అయితే 65 ఏళ్లు దాటినవారు, వితంతువులు, ప్రభుత్వోద్యోగులు వంటి యజమానులు సొంత నివాసానికి ఇల్లు కోరితే నోటీసు గడువు ఒక నెలే.

ఎవరిని ఆశ్రయించాలి?

వివాదాలను తొలుత రెంట్ కంట్రోలర్ విచారిస్తారు. ఆ ఉత్తర్వుపై రాయ్‌పూర్‌లోని ట్రైబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. ట్రైబ్యునల్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు కల్పించిన నిబంధనను సుప్రీంకోర్టే 2019లో కొట్టివేసింది. క్వార్టర్ల విషయం వేరు. ఉక్కు సంస్థ ఆస్తి కావడంతో అక్కడ అనధికార నివాసులపై 1971 నాటి ప్రభుత్వ ప్రాంగణాల చట్టం కింద చర్యలుంటాయి.

ఈ రక్షణలు అక్కరకు రావాలంటే ఆధారాలు అవసరం. లిఖితపూర్వక ఒప్పందం, అద్దె రసీదులు, బ్యాంకు చెల్లింపుల వివరాలను అద్దెదారులు భద్రపరచుకోవాలి. ఇల్లు కొనేవారు సైతం రిజిస్ట్రేషన్‌కు ముందే ఆ ఒప్పందాన్ని పరిశీలించడం మేలు.