పాల బిల్లు – బట్టల ఖర్చు: పండుగకు ముందే వేసుకోవలసిన లెక్క

బియ్యం, పప్పు, నూనె నెలనెలా కొంటాము కనుక వాటికి ఎంత అవుతున్నదో మనకు గుర్తుంటుంది. దాణా బస్తా ధర పది రూపాయలు పెరిగితే ఆ సాయంత్రానికే పాల కేంద్రం దగ్గర అందరికీ తెలుస్తుంది. బట్టల ఖర్చు అలాంటిది కాదు. దసరాకు కొంత, సంక్రాంతికి కొంత, పెళ్ళిళ్ళకు కొంత, బడులు తెరిచేటప్పుడు కొంత – ఇలా నాలుగైదు దఫాలుగా పడుతుంది. అందువల్ల ఏడాది మొత్తం మీద ఇంటిల్లిపాదికీ బట్టలకు ఎంత అయిందని అడిగితే చప్పున చెప్పగలిగినవారు తక్కువ.

పండుగకు కొత్త బట్టలు కట్టుకోవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు చీర పెట్టకుండా పంపడం ఏ ఇంటికీ ఇష్టముండదు. పిల్లలకు ఏడాదికి ఒక్కసారైనా కొత్త జత కుట్టించకపోతే తల్లిదండ్రులకు మనసు ఒప్పదు. ఇవన్నీ తప్పని ఖర్చులే. తప్పని ఖర్చు కనుకనే దానికి ముందుగా డబ్బు కూర్చుకోవాలి. అలా కూర్చుకోని ఇంట్లో చివరకు ఆ భారం ఎక్కడ పడుతున్నదో చూద్దాం.

రెండు కాలాలు కలవవు

మన ప్రాంతంలో గేదెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట్లో ఈనుతాయి. కొంచెం అటూ ఇటూగా అక్టోబరు నుంచి మార్చి వరకు పాలు పుష్కలంగా ఉంటాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కొన్ని గేదెలు వట్టిపోయి, ఎండకు, పచ్చిమేత కొరతకు తక్కినవాటి పాలు కూడా తగ్గుతాయి.

ఇప్పుడు బట్టల ఖర్చు ఏ నెలల్లో వస్తుందో చూడండి. మాఘం నుంచి జ్యేష్ఠం వరకు పెళ్ళిళ్ళు జోరుగా ఉంటాయి. ఇందులో సగం కాలం పాలు తగ్గిన రోజులే. జూన్‌లో బడులు తెరుస్తారు. అప్పటికి పాల బిల్లు బాగా చిక్కిపోయి ఉంటుంది. ఆశ్వయుజంలో దసరా, వెంటనే దీపావళి వస్తాయి. అప్పటికి గేదెలు ఈనుతూ ఉంటాయే తప్ప పెరిగిన పాల డబ్బు ఇంకా చేతికి రాదు. ఒక్క క్రిస్మస్, సంక్రాంతి మాత్రమే పాలు బాగా ఉన్న రోజుల్లో వస్తాయి. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక కొన్నేళ్ళు పాలున్న కాలంలో, కొన్నేళ్ళు లేని కాలంలో వస్తుంది.

అంటే డబ్బు వచ్చేది ఒక కాలంలో, బట్టలు కొనవలసింది మరొక కాలంలో. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని చాలా ఇళ్ళలో అప్పుతో పూడుస్తున్నారు, లేదా దాణాలో కోతతో పూడుస్తున్నారు.

దాణాలో కోత మరీ నష్టం. చూడి గేదెకు చివరి రెండు నెలలు, ఈనిన తరువాత మొదటి రెండు మూడు నెలలు మేపిన మేపే ఆ ఈతలో పాల దిగుబడిని నిర్ణయిస్తుంది. దసరా, దీపావళి సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. పాలిచ్చే గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున దాణా పెట్టాలన్నది మనందరికీ తెలిసిన లెక్క. దాణా కిలో 30 రూపాయలు, పాలు లీటరు 55 రూపాయలు అనుకుందాం. కిలో దాణా తగ్గించి 30 రూపాయలు మిగుల్చుకున్నవారు 110 రూపాయల పాలకు ఆధారం తీసేసినట్లే. పైగా ఒకసారి పడిపోయిన పాలు, తరువాత ఎంత మేపినా ఆ ఈతలో పూర్తిగా తిరిగి రావు.

అరువు బట్టకు అసలు ధర

బట్టల అరువు మన ఊళ్ళలో మూడు రకాలుగా సాగుతున్నది.

మొదటిది పట్నంలో తెలిసిన కొట్టులో ఖాతా. ఖాతా ఉన్నవారు బేరమాడలేరు, వేరే కొట్టుకు పోలేరు. ఆ ఖాతా తీర్చడానికి నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి 8,000 రూపాయలు తెచ్చి, 5 నెలలకు తీర్చారనుకుందాం. వడ్డీ 800 రూపాయలు. పైన చెప్పిన ధరకు అది 26 కిలోల దాణా.

రెండవది ఇంటి ముందుకు మూట తెచ్చే వాయిదాల వ్యాపారం. రొక్కానికి 1,000 రూపాయలకు దొరికే చీరను వారానికి 130 చొప్పున పది వారాలు కట్టమంటారు. మొత్తం 1,300. పెరిగింది 300 రూపాయలే కదా అనిపిస్తుంది. కాని వారం వారం కడుతూ రావడం వల్ల సగటున మనవద్ద ఉన్న బాకీ సుమారు 550 రూపాయలు మాత్రమే. దాని మీద రెండున్నర నెలలైనా నిండకుండా 300 రూపాయలు కట్టాము. లెక్క వేస్తే నూటికి నెలకు 20 రూపాయలకు పైబడిన వడ్డీ. చేబదులుకు అంత వడ్డీ అడిగితే ఎవరమూ ఒప్పుకోము. చీర ధరలో కలిసి ఉన్నందువల్ల కనిపించడం లేదు.

మూడవది పండుగ ముందు ప్రైవేటు పాల వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు. దీనికి వడ్డీ లేదంటారు. కాని ఆ డబ్బు తీరేవరకు పాలు అతనికే పోయాలి, వెన్న శాతం అతను చెప్పిందే లెక్క. పాలు ఎక్కువగా ఉన్న నెలలన్నీ అతని క్యాన్లలోకే పోతాయి. సంఘానికి పాలు పోయని కాలానికి సభ్యులకు బోనస్ రాదు. రెండు జతల బట్టల కోసం ఒక పాడి కాలం మొత్తం తాకట్టు పెట్టినట్లవుతుంది. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెతను అప్పు చేసి పట్టుచీర అని చదువుకోవచ్చు.

ఏడాది పట్టీ ఎలా రాసుకోవాలి

ఒక కాగితం మీద ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, వారికి ఏడాదిలో నిజంగా అవసరమైన బట్టలు రాయాలి. భార్యాభర్తలు, అత్తగారు, బడికి పోయే ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ధరలు ఊరిని బట్టి మారతాయి. పద్ధతి ముఖ్యం.

ఇంటి ఇల్లాలికి: వాడుక చీరలు 3కు 1,350, పండుగ చీర 1,500, జాకెట్లు 4కు గుడ్డ, కుట్టుకూలి కలిపి 1,200, లంగాలు 2కు 400 – మొత్తం 4,450 రూపాయలు.
యజమానికి: లుంగీలు, పంచెలు 3కు 900, చొక్కాలు 2కు 1,000, ప్యాంటు 700, బనియన్లు వగైరా 650 – మొత్తం 3,250.
అత్తగారికి: చీరలు 2కు 1,000, జాకెట్లు 2కు 500 – మొత్తం 1,500.
ఇద్దరు పిల్లలకు: పండుగ జతలు 2,400, ఇంటి బట్టలు 4 జతలు 1,600, లోపలి బట్టలు 600 – మొత్తం 4,600.
దుప్పట్లు, తువ్వాళ్ళు: 1,200.
పెట్టుపోతలు: చీరలు 4కు 2,000, పంచెల చాపులు 2కు 1,000 – మొత్తం 3,000.

అంతా కలిపితే 18,000 రూపాయలు. ఈ పట్టీలో రెండు సంగతులు గమనించాలి. పెట్టుపోతల బట్టలను విడిగా రాశాము. చాలామంది లెక్క తప్పేది అక్కడే. ఈ ఏడు ఎవరింట పెళ్ళి, ఎవరింట గృహప్రవేశం అన్నది ముందే కొంతవరకు తెలుస్తుంది కనుక రాసుకోవచ్చు. రెండవది కుట్టుకూలి. చవకగా దొరికిందని జాకెట్టు గుడ్డ కొని, లైనింగుకు, కూలికి గుడ్డ ధరకు రెట్టింపు ఇచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు.

పట్టీ పూర్తయిన తరువాత పెట్టె తెరిచి చూడాలి. మడత విప్పని జాకెట్టు గుడ్డలు, ఒక్కసారే కట్టిన చీరలు, పెద్దవాడికి పొట్టయి చిన్నవాడికి సరిపోయే చొక్కాలు బయటపడతాయి. ఆ మేరకు పట్టీలో కొట్టివేయవచ్చు.

బిల్లుకింత అని తీసిపెట్టడం

పదిహేను రోజులకొక బిల్లు చొప్పున ఏడాదికి 24 బిల్లులు. 18,000 రూపాయలను సమంగా పంచితే బిల్లుకు 750 అవుతుంది. కాని వేసవిలో 750 తీయడం కష్టం. అందుకే పాలున్న ఆరు నెలల 12 బిల్లులలో 1,000 చొప్పున, పాలు తగ్గిన 12 బిల్లులలో 500 చొప్పున తీయాలి. మొత్తం అదే 18,000.

రోజుకు 8 లీటర్లు పోసే కాలంలో, లీటరు 55 చొప్పున, పదిహేను రోజుల బిల్లు 6,600 రూపాయలు. 4 లీటర్లకు తగ్గినప్పుడు 3,300. రెండు కాలాల్లోనూ మనం తీసేది బిల్లులో నూటికి 15 వంతులకు కొంచెం పైనే అవుతుంది. అదైనా చిన్న మొత్తం కాదు. దాణా, మందులు పోగా అంత మిగలని ఇళ్ళలో కొంత భాగాన్ని పంట డబ్బు మీద, కూలి డబ్బు మీద వేసుకోవాలి. అప్పటికీ చాలకపోతే పట్టీనే కుదించాలి. దాణాను మాత్రం ముట్టుకోకూడదు.

తీసిన డబ్బు ఇంట్లో డబ్బాలో ఉంటే నిలవదు. బిల్లు పడిన రోజునే సభ్యురాలి పేర ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేయడం మంచిది. గేదెల చాకిరీలో ఎక్కువ భాగం ఆడవారిదే కనుక, ఈ ఖాతా, ఈ పట్టీ వారి చేతిలో ఉండడం న్యాయం కూడా. బోనస్‌ను బట్టల లెక్కలో ముందుగా కలుపుకోవద్దని మా సలహా. అది ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో సభ తీర్మానం అయ్యేదాకా తెలియదు. వచ్చినప్పుడు గేదె బీమాకో, దాణా నిల్వకో వాడుకుంటే దాని ఫలితం పాలలోనే కనిపిస్తుంది.

రొక్కం ఉన్నవారికి కలిసివచ్చేది

చేతిలో డబ్బు ఉన్నవారు కొనే రోజును తామే ఎంచుకోవచ్చు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక కొట్లవారు తగ్గింపు ధరలు పెడతారు. దసరా బట్టలు, పెట్టుబడి చీరలు అప్పుడే కొనవచ్చు. తగ్గింపు ఎంత అన్నదానికంటే, పట్టీలో ఆ బట్ట ఉన్నదా లేదా అన్నది ముందు చూసుకోవాలి. పట్టీలో లేని చీర సగం ధరకు వచ్చినా అది ఖర్చే.

మన పాల సంఘాలలాగే నేత కార్మికులకూ సహకార సంఘాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాటికి పై సంస్థగా 1976లో ఆప్కో ఏర్పడింది. చేనేత సహకార అమ్మకశాలలలో పండుగల ముందు రిబేటు ఇచ్చే ఆనవాయితీ ఉన్నది. సహకారి సొమ్ము మరొక సహకారికి చేరడం కూడా ఒక లాభమే.

కుట్టిన దుస్తులకు 2025 సెప్టెంబరు 22 నుంచి, ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. ఎక్కడ కొన్నా బిల్లు అడిగి తీసుకోవాలి. రంగు దిగినా, చిరుగు ఉన్నా మార్చుకోవడానికి అదే ఆధారం.

ఉన్న బట్టల మన్నిక

పాకలో పనికి ఒక జత, పాలు పితకడానికి ఉతికిన ఒక జత వేరుగా పెట్టుకుంటే మంచి బట్టలు నాలుగు కాలాలు నిలుస్తాయి, పాలూ శుభ్రంగా ఉంటాయి. పాల మరకను ముందు చన్నీళ్ళతోనే ఉతకాలి. వేణ్ణీళ్ళు పోస్తే మరక గుడ్డలో పట్టుకుపోతుంది. నూలు గుడ్డను కుట్టించే ముందు తడిపి ఆరవేస్తే కుట్టిన తరువాత ముడుచుకోదు. రంగు బట్టలను తిరగవేసి నీడన ఆరవేయాలి.

సంఘాలకు మనవి

ఈ వ్యాసాన్ని కార్యదర్శులు నెలవారీ సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. ఇంటి పట్టీ నలుగురిలో విప్పి చెప్పవలసిన పనిలేదు. ఎవరిది వారు రాసుకుంటే చాలు. రాయడం రానివారికి బడిలో చదివే పిల్లల చేత రాయించవచ్చు. దాని వల్ల తమ చొక్కా వెనుక ఎన్ని లీటర్ల పాలున్నాయో పిల్లలకూ తెలుస్తుంది.

ఏడాది మొదలు కోసం ఎదురుచూడవద్దు. వచ్చే బిల్లులో 500 రూపాయలతోనైనా ప్రారంభించండి. మొదటి ఏడు సగం బట్టలకు సరిపడా కూడినా, మిగిలిన సగానికే అప్పు. రెండవ ఏడు అదీ ఉండదు. పండుగ మరునాడు బాకీ లేని ఇంట్లో, ఈనిన గేదెకు దాణా తగ్గదు.