బిగింపు కుదిరితేనే పువ్వు నిలుస్తుంది

మిషను ఎంబ్రాయిడరీ నేర్చుకునేవారికి మొదట్లోనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫ్రేములో ఉన్నంతసేపు పువ్వు చక్కగా కనిపిస్తుంది. ఫ్రేము విప్పగానే చుట్టూ గుడ్డ ముడుచుకుపోతుంది. దారం మంచిది కాదనో, మిషను పాతదనో అనుకుంటాం. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. మిషను ఆన్ చేయకముందే, గుడ్డను బిగించేటప్పుడే జరిగిపోయి ఉంటుంది.

షోలాపూర్, భివండీ మగ్గాల పేటల్లోనైనా, హోసూరు, బళ్లారి, బరంపురం వీధుల్లోనైనా జాకెట్లు కుట్టి పిల్లల ఫీజులు కట్టే తల్లులు మనలో ఉన్నారు. నమ్మి ఇచ్చిన పట్టుగుడ్డ పాడైతే కూలి పోవడమే కాదు, గుడ్డ ఖరీదు కూడా మీద పడుతుంది. మరోవైపు 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులు నేర్చుకోవాలంటోంది. అందుకే ఈ చిన్న పనిని ఇంటికీ బడికీ పనికొచ్చేలా వివరిస్తున్నాం.

ముడత ఎందుకు?

నేతలో నిలువు పోగు పడుగు, అడ్డపోగు పేక. ఈ రెండు దిక్కుల్లో గుడ్డ పెద్దగా సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. బిగించాక అంచులు పట్టి లాగితే, ఆ సాగిన గుడ్డ మీదే కుట్టు పడుతుంది. ఫ్రేము తీశాక గుడ్డ తన కొలతకు వచ్చేస్తుంది, కుట్టు రాదు. ఆ తేడాయే ముడత. వదులుగా ఉన్నా ఇబ్బందే. సూదితోపాటు గుడ్డా పైకి లేస్తుంది. కుట్లు తప్పుతాయి, కింద దారం ఉండకడుతుంది, ఒక్కోసారి సూది విరుగుతుంది.

బిగించే వరుస

చేతికుట్టులో చిన్న రింగు కింద, పెద్ద రింగు పైన ఉంటాయి. మిషను ఫ్రేముకు ఇది తిరగబడుతుంది. గుడ్డ మిషను బల్లకు ఆనుకుని ఉండాలి కదా!

* గుడ్డను ఇస్త్రీ చేసి, డిజైను మధ్యభాగంలో కూడిక గుర్తు గీయాలి. నీటితో పోయే పెన్ను వాడితే ఆ గీతపై ఇస్త్రీ పెట్టకూడదు, మరక నిలిచిపోవచ్చు.
* డిజైను పట్టే ఫ్రేముల్లో అన్నిటికన్నా చిన్నది ఎంచుకోవాలి.
* పెద్ద రింగు మర వదులుచేసి చదునైన బల్లపై పెట్టాలి. దానిపై ఫ్రేముకన్నా పెద్దగా కత్తిరించిన బ్యాకింగ్ పేపరు, ఆపైన గుడ్డ పరవాలి.
* చిన్న రింగును నిటారుగా నొక్కి, మర బిగించాలి. గుడ్డ పక్కకు జరిగితే లాగకుండా, విప్పి మళ్లీ పెట్టాలి.
* వేలితో తడితే బిగువు తెలియాలి. పడుగు, పేక గీతలు వంకర పోకూడదు.
* కుట్టు మొదలుపెట్టేముందు జాకెట్టు చెయ్యి ఫ్రేము కింద మడతపడిందేమో చూడాలి. కంప్యూటర్ మిషనులో ట్రేస్ బటన్ నొక్కి, సూది ఫ్రేముకు తగలదని నిర్ధారించుకోవాలి.

గుడ్డను బట్టి మార్పు

నూలు గుడ్డకు చింపి తీసేసే పేపరు సరిపోతుంది. టీషర్టులాంటి సాగే గుడ్డకు కత్తిరించే రకం వాడి, కుట్టు వెనక దాన్ని అలాగే ఉంచాలి. తువ్వాలు మీద నీటిలో కరిగే పొర పరిస్తే నూలు ఉచ్చులు కుట్టు మధ్యలోంచి పైకి రావు. వెల్వెట్, పట్టు మీద రింగు అచ్చు పడుతుంది. వీటికి పేపరును మాత్రమే ఫ్రేములో బిగించి, తాత్కాలిక జిగురు స్ప్రేతో గుడ్డను దానిపై అంటించడం మేలు. జారే గుడ్డలకు చిన్న రింగు చుట్టూ నూలు పట్టీ చుడితే పట్టు దొరుకుతుంది. పని సగంలో ఆగినా గుడ్డను రాత్రంతా ఫ్రేములో వదలొద్దు.

తరగతిలో ఇలా చూపండి

దీనికి మిషను అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. పాత బనియను ముక్కలు రెండు, రింగు, రూపాయి బిళ్ల, పెన్ను చాలు. ఒక ముక్కను లాగకుండా, మరోదాన్ని ఒకవైపు బాగా లాగి బిగించండి. రెండింటిపైనా బిళ్ల చుట్టూ గీయించి, రింగు తీసేయండి. మొదటి సున్నా సున్నాలాగే ఉంటుంది, రెండోది కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. ముడత ఎలా పుడుతుందో పిల్లలకు మరి చెప్పనక్కర్లేదు. తర్వాత ఒక నూలు ముక్క ఇచ్చి, పడుగు ఏదో, పేక ఏదో వాళ్లచేతే పోగులు లాగించి చూపించండి.